మరక మిగలని గది

నేల ఆరేదాకా లోపల అడుగు పెట్టడానికి లేదు. కిటికీ మూల నుంచి తడిగుడ్డతో వెనక్కి వెనక్కి తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం దాటేసరికి తన గదికి తనే బయటిదైపోయి, మెట్ల మీద కూలబడింది ఆమె. తను పనిచేసే హోటల్లో అయితే ఇక్కడికి పని అయిపోయినట్టే. తలుపు లాగేసి, బండి తోసుకుంటూ పక్క గదికి పోవడమే. ఇక్కడ పక్క గది లేదు. ఉన్నది ఇదొక్కటే, దీన్ని నిలబెట్టుకోవడానికే ఈ తిప్పలన్నీ. అద్దె సాయం ఆఫీసు నుంచి తనిఖీకి ఒక మేడమ్ వస్తుంది, మధ్యాహ్నం లోపల ఎప్పుడైనా రావచ్చు, ఇంట్లోనే ఉండండి అని నిన్న ఫోన్ చేశారు. ఎప్పుడైనా అనడం ఎంత తేలిక! సగం పూట సెలవు కోసం ఎవరెవరి గడ్డం పట్టుకోవాలో ఆ ఫోన్ చేసినవాడికేం తెలుసు. ఆ మేడమ్ వచ్చి, చూసి, తల్లీ పిల్లా ఈ గదిలో ఉంటున్న మాట నిజమే అని ఒక్క ముక్క రాస్తే చాలు, అద్దెలో సగం వాళ్ళు కడతారు. రాయకపోతే ఒకటో తారీఖున కింద ఉండే ఇంటాయన గదికి తాళం మార్చేస్తాడు. అరిచి చెప్పి ఉంటే ఏదో కోపంలో అన్నాడులే అనుకునేది. మెల్లగా, తల దించుకుని, తప్పు తనదే అయినట్టు చెప్పాడు. అలా చెప్పేవాళ్ళు అన్నంత పనీ చేస్తారు.

గుమ్మంలోంచి చూస్తుంటే గది బాగానే ఉంది. బాగానే ఏమిటి, అద్దంలా ఉంది. మంచం మీద తెల్ల దుప్పటి, దాని మూలలు కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి బిగించినవి, మీద తడితే డప్పులా మోగాలి అనేది పెద్దక్క. పెద్దక్క అంటే తోడబుట్టినది కాదు, హోటల్లో గదులు తుడిచే ఆడవాళ్ళందరి మీదా సూపర్‌వైజరు. తను పనిలో చేరిన కొత్తలో పెద్దక్క వెనకాలే వచ్చి, మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకి ఆనించి, వెలుతురుకి ఎదురుగా చూసేది. ఒక్క వెంట్రుక కనిపిస్తే గది మొత్తం మళ్ళీ మొదటి నుంచి. "గది తలుపు తీసినవాడికి, వాడికంటే ముందు ఈ భూమ్మీద ఎవరూ పుట్టనే లేదనిపించాలే పిల్లా," అనేది. నిన్నటి వరకూ అక్కడ ఎవరు నవ్వారో, ఎవరు కొట్టుకున్నారో, ఎవరి బిడ్డ పక్క తడిపిందో, ఏమీ మిగలకూడదు. అన్నిటికంటే చివర నేల. లోపలి నుంచి బయటికి వెనక్కి నడుస్తూ తుడవాలి, గుమ్మం దాటేసరికి తుడిచినదాని పాదం గుర్తు కూడా ఉండకూడదు. మొదట్లో నడుం విరిగిపోయేది. తరవాత ఆ విద్య చేతులకే పట్టుబడిపోయింది, ఎంత పట్టుబడిందంటే ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కడిగినా వెలుతురుకి ఎత్తి వేలిముద్ర ఉందేమో చూస్తుంది, బస్సులో కూర్చున్నా ముందు సీటు మీద దుమ్ము వేలితో తుడుస్తుంది, ఎవరూ జీతమివ్వని చోట కూడా.

ఇంత తుడవడానికి కారణం టైలరమ్మ. ఎదురు గదిలో ఉంటుంది, మనసు వెన్న, నోటికి మాత్రం తాళం లేదు. నిన్న కబురు వినగానే చెయ్యి బుగ్గన పెట్టుకుని, "తనిఖీ అంటే మాటలా? ఇల్లు చిందరవందరగా ఉంటే పిల్లని సరిగ్గా చూసుకోవట్లేదని రాసేస్తారు. మా షాపులో కాజాలు కుట్టే ఆవిడకి అదే అయింది. సాయం సంగతి దేవుడెరుగు, పిల్లని ఎవరు చూస్తున్నారు, నువ్వు పనికెళ్తే ఎక్కడుంటుంది అని సవాలక్ష ప్రశ్నలు," అంది. అద్దె పోతే పోయింది, ఉడతని ఏమైనా అంటే? ఉడత అంటే కూతురు. ఏది దొరికితే అది తెచ్చి దాచుకునే పిల్లకి ఇంకేం పేరు పెడతారు. సీసా మూతలు, పళ్ళు విరిగిన దువ్వెన, ఎవరో పారేసిన తాళంచెవి, ఒక అట్టపెట్టె నిండా ఆస్తి. ఆ తాళంచెవి ఏ తాళానిదే అని అడిగితే, "మనం కొనుక్కునే ఇంటిది," అంటుంది ఆరిందాలా. పొద్దున్న బడికి వెళ్ళేలోగా ఆ ఆస్తంతా ఇద్దరూ కలిసి టైలరమ్మ గదిలోకి మోశారు. కాలు కొరికేసిన చిన్న ప్లాస్టిక్ కుర్చీ, చెవి తెగిన కుందేలు, నూనె మరకల చిన్న తలగడ, రంగు పెన్సిళ్ళు, వానకాలం బూట్లు. తను పళ్ళు తోముకునే బ్రష్షు పక్కన ఉన్న చిన్న బ్రష్షు కూడా, దాని పళ్ళు నమిలి నమిలి గడ్డిలా అయిపోయాయని, ఆ చిన్న కుర్చీలో పడేసింది. పిల్ల బట్టలు మాత్రం ఇస్త్రీ మడతల్లా మడిచి సూట్‌కేసులో పెట్టి మంచం కిందికి తోసింది. చివరి విడతకి ఉడత ఖాళీ చేతులతో వరండాలో నిలబడి అడిగింది. "అమ్మా, మరి నేనెక్కడుండాలి?" "బడిలో ఉండాలి, పద, బ్యాగు తగిలించుకో," అంది ఆమె, నవ్వుతూ. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు మెట్ల మీద కూర్చుని తలుచుకుంటే ఎందుకో రావడం లేదు.

నేల ఆరింది. చెప్పులు చేత్తో పట్టుకుని, వేళ్ళ మీద నడుస్తూ లోపలికి వెళ్ళింది. కూర్చోవడానికి మంచం ఉంది కానీ కూర్చుంటే దుప్పటి ముడతపడుతుంది. కుర్చీ ఉంది, అది మేడమ్‌కి. గోడ వారన నేల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దేన్నీ తాకకుండా కూర్చుంది. ఎదురుగా ఉన్న గోడ మీద నిన్న సాయంత్రం దాకా ఒక ఏనుగు ఉండేది. జ్వరమొచ్చి ఉడత బడికి పోనినాడు, టైలరమ్మకి అప్పజెప్పి పనికి వెళ్తే, షాపు మానేసిన ఆవిడ ఇంటి మిషను మీద కునుకు తీసిన సందులో ఇటొచ్చి గీసిపెట్టింది. నీలం ఏనుగు, అయిదు కాళ్ళది. అయిదోది తొండమా అంటే కాదట, నడిచి నడిచి అలిసిపోతే మార్చుకునే కాలట. ఆ రోజు కోపంతో వీపు మీద ఒకటి వేసింది, ఇంటాయన చూస్తే ఏమంటాడోనని. తరవాత అలవాటైపోయింది. పని నుంచి వచ్చి పాదాలు వేడినీళ్ళలో పెట్టుకుని ఆ అయిదో కాలు వైపు చూస్తూ, నాకూ ఒకటుంటే బాగుండేదే అని ఎన్నిసార్లు అనుకుందో. నిన్న పళ్ళ పేస్టు రాసి, మెత్తటి గుడ్డతో, గోడ రంగు ఊడకుండా, సున్నం రాలకుండా, ముందు తొండం, తరవాత వీపు, ఒక్కో కాలూ తుడిచేసింది. ఉడత పక్కనే నిలబడి చూసింది, ఏడుస్తుందేమో అనుకుంటే ఏడవలేదు, "అది కూడా టైలరమ్మ ఇంటికెళ్ళిందా?" అని మాత్రం అడిగింది. ఇప్పుడు ఎక్కడ ఉండేదో వెతికితే తనకే దొరకడం లేదు. పనితనం అలాంటిది మరి.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడిగాక ఏమవుతుందో ఎవరూ చెప్పరు. ఆ అద్దె సాయం ఆఫీసులో పనిలేని వాళ్ళకి ఒక కిటికీ, పనుండీ చాలని వాళ్ళకి ఒక కిటికీ. రెండో దాని ముందే వరస పొడుగు. తన వంతు వచ్చేసరికి కిటికీ వెనక గుమాస్తా తలెత్తకుండా, "పని చేస్తున్నారుగా, మళ్ళీ సాయమెందుకమ్మా?" అన్నాడు. చాలక, అంది. ఎందుకు చాలట్లేదు అన్నాడు. ఎందుకు చాలడం లేదో తనకి తెలిస్తే ఆ కిటికీ దగ్గరికి ఎందుకొస్తుంది! జీతం ఎక్కడున్నది అక్కడే ఉంది, అద్దె మెట్లెక్కుతోంది, మధ్యలో పిల్ల కాళ్ళు పెరిగి బూట్లు చాలకుండా పోతున్నాయి, ఇందులో దేన్ని ఆపమంటాడు? ఆ తరవాత పిల్ల తండ్రి లేడని కాగితం తెమ్మన్నాడు. పోయినవాడికి కాగితమిస్తారు, విడిపోయినవాడికి కాగితమిస్తారు, లోడు దింపి వస్తానని లారీ ఎక్కి వెళ్ళి ఇంతవరకూ రానివాడికి ఏ ఆఫీసులో ఇస్తారు కాగితం? లోడు ఎక్కడ దింపాడో, ఎవరి గుమ్మంలో దింపాడో. మొదట్లో ఫోన్ ఎత్తేవాడు, ఊఁ అనేవాడు, తరవాత ఊఁ కూడా ఖర్చనుకున్నాడు. చివరికి ఇంటాయనా టైలరమ్మా వెళ్ళి, అవును, ఆ మనిషి రావడం మేము చూడలేదని చెప్పి సంతకాలు పెట్టారు. లేనివాడు లేడని సాక్ష్యం తేవడానికి అన్ని రోజులు పట్టింది, ఉన్నది ఉందని చూపించడమెంత, ఒక్క నిమిషం పని, అనుకుంది అప్పుడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైతే ఒక్క ఉదుటున లేచింది. మేడమ్ కాదు, ఇంటాయన. పైన ట్యాంకు చూడటానికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "వచ్చారా అమ్మా వాళ్ళు?" "ఇంకా లేదు బాబాయ్ గారూ." "వాళ్ళు రాసేస్తే నాకేం అభ్యంతరం లేదు. అద్దె చేతికొస్తే చాలు. లేదంటే మా పెద్దాడు పిల్లల్తో కింద ఇరుక్కుని చస్తున్నాడు, ఈ గది వాడికి ఇవ్వాలి. నన్ను తిట్టుకోకు," అన్నాడు. తిట్టుకోవడం లేదంది. నిజంగానే తిట్టుకోవడం లేదు, తిట్టుకోవడానికి దుర్మార్గుడు దొరికినా కాస్త ఊపిరాడేది. ఆయన లోపలికి తొంగి చూసి, "ఇదేంటి, అప్పుడే ఖాళీ చేసేస్తున్నావా? సామాన్లేవీ?" అన్నాడు. "తుడిచాను బాబాయ్ గారూ, అంతే," అంటే, "అమ్మో! నేను గది కట్టిన రోజున కూడా ఇంత బాగా లేదు," అని నవ్వుతూ పైకి పోయాడు. ఆమెకి గర్వంగా అనిపించింది. చాలా రోజుల తరవాత ఒక మంచి మాట వినబడింది, దాన్ని చెవిలోనే కాసేపు ఉంచుకుంది.

గోడకి ఆనుకుంటే వీపు చల్లగా ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. కునుకు తీయకూడదు, తీస్తే తలుపు చప్పుడు వినబడదు. హోటల్లో పనిలో చేర్చుకునేటప్పుడు పిల్లలున్నారా అని అడిగారు. లేరనలేదు, ఉన్నారనీ అనలేదు, నవ్వి ఊరుకుంది. పిల్లలుంటే సెలవులెక్కువ పెడతారని ఆ ప్రశ్న అర్థం, ఆ మాత్రం తెలియనిదేం కాదు. అప్పటినుంచి ఉడతకి జ్వరమొస్తే తనకి తలనొప్పి, ఉడతకి బడి సెలవైతే తనకి కడుపునొప్పి. ఒకసారి టైలరమ్మ ఊళ్ళో లేదు, బడి లేదు, సెలవు లేదు. దొడ్డిదారిన తీసుకెళ్ళి దుప్పట్లు పెట్టే కొట్లో కూర్చోబెట్టింది, ఎత్తుగా పేర్చిన తెల్లటి మడతల మధ్య. మాట్లాడకు, దగ్గకు, ఏదీ ముట్టుకోకు. ఉడత అచ్చం అలాగే చేసింది. కాళ్ళు ముడుచుకుని, ఊపిరి కూడా అడిగి తీసుకున్నట్టు కూర్చుంది. మధ్యాహ్నం ఒక ఖాళీ గదిలోకి తీసుకెళ్తే, అమ్మ దుప్పటి మూల మడుస్తుంటే గడ్డం పరుపు అంచుకి ఆనించి చూసి, నేను నేను అంది. చిన్న చేతులకి పరుపు ఎత్తడం రాలేదు. మూల వంకరపోయింది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చేసింది, కుదరలేదు. సాయంత్రం దొడ్డిదారిన బయటికొస్తుంటే పెద్దక్క ఎదురైంది. ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది. పని పోయిందనే అనుకుంది ఆమె. పెద్దక్క చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "పొద్దుటి నుంచీ లోపల ఒక పిల్ల ఉందని నాకే తెలియలేదు. నేర్చుకున్నావే పని," అని వెళ్ళిపోయింది. అంతకంటే పెద్ద మెప్పు ఆ హోటల్లో ఎవరికీ దక్కలేదు. ఇంటికి వచ్చేదాకా ఉడత చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది, ఎవరైనా చూస్తున్నారేమో అని వెనక్కి చూసుకుంటూ, దొంగిలించిన వస్తువుని తీసుకెళ్తున్నట్టు.

మేడమ్ వచ్చేసరికి చెప్పిన వేళా దాటింది, ఎండా కిటికీ దాటింది. వాచిన పాదాలు, చేతిలో ఫైలు, మూడంతస్తులు ఎక్కిన ఆయాసం. పాపం, మంచి మనిషిలానే ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పబోతే పరవాలేదు మేడమ్ అంది ఆమె, విప్పేసింది ఆవిడ. కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగింది, గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టిన మరుక్షణం ఆమె చెయ్యి దానంతట అదే వెళ్ళి గ్లాసెత్తి కింద పడిన తడి గుండ్రాన్ని తుడిచింది. మేడమ్ ఆ చేతి వైపు చూసింది. తరవాత గది వైపు చూసింది. చూపు మంచం మీద, ఒక్క తలగడ మీద, గోడల మీద, అలమార మీద, ఒక్కో చోటా ఆగి ఆగి తిరిగింది. లేచి స్నానాల గది తలుపు తీసింది. ఒక సబ్బు, ఒక తువ్వాలు, ఒక బ్రష్షు. కుళాయి వెండిలా మెరుస్తోంది. బాగుందంటుంది, ఇంత శుభ్రంగా ఉంచుకున్నారే అంటుంది, అని ఆమె ఎదురుచూసింది.

"పాప ఎక్కడ పడుకుంటుంది?" అంది మేడమ్.

"నా పక్కనే మేడమ్, ఈ మంచం మీదే."

"తలగడ ఒకటే ఉంది."

చిన్న తలగడ ఉంది మేడమ్, మరకలుగా ఉందని తీసేశాను, అంది. ఎక్కడికి తీశారు అంది ఆవిడ. ఎదురింట్లో పెట్టాను. బ్రష్షు? అదీ అక్కడే. బొమ్మలూ పుస్తకాలూ? అవీ. చెబుతుంటే ఒక్కో మాటా తన చెవికే అబద్ధంలా వినబడటం మొదలైంది. ఎదురు గదికి పరిగెత్తింది. తలుపుకి తాళం. టైలరమ్మ షాపుకి వెళ్ళిపోయింది, వెళ్తుందని తెలుసు, రోజూ వెళ్తుంది, ఆ సంగతి పొద్దున్న సామాన్లు మోస్తున్నప్పుడు మనసుకి తట్టలేదు. కిటికీ సందులోంచి చూస్తే లోపల చీకట్లో కుర్చీ కాలు ఒకటి కనిపించింది, కొరికేసిన కాలు. "మేడమ్, ఒక్కసారి ఇలా రండి, ఇక్కణ్ణుంచి కనబడుతుంది," అని పిలిచింది. మేడమ్ వచ్చి వంగి చూసింది. "ఆ ఇంట్లో పిల్లలున్నారా?" అంది. లేరు, అంది ఆమె. టైలరమ్మకి పిల్లలు లేరన్న మాటకి సాక్ష్యం ఎవరు చెబుతారు?

మళ్ళీ లోపలికి. మోకాళ్ళ మీద పడి మంచం కింది సూట్‌కేసు లాగింది. మూత తెరిచింది. గౌన్లు, మేజోళ్ళు, స్వెటరు, అంచుకి అంచు కలిపి, ప్రయాణానికి సర్దినట్టు. "ఇవి పాపవి మేడమ్, చూడండి, దానివే, ఇదిగో ఈ మోకాలి దగ్గర నేనే కుట్టాను." మేడమ్ వంగి ఒక మడత అంచు వేలితో ఎత్తి చూసింది. "సర్దేసి ఉన్నాయి. ఎక్కడికైనా పంపించారా పాపని? లేక ఎక్కణ్ణుంచైనా తెచ్చారా ఇవి?" అంది. మెల్లగానే అంది. "కోపం తెచ్చుకోకండమ్మా. మొన్న ఒకావిడ చెల్లెలి పిల్లల బట్టలు తెచ్చి చూపించింది. ఇంకొకరు పిల్లల్ని వాళ్ళమ్మ దగ్గర వదిలేసి ఇక్కడ ఒక్కరే ఉంటున్నారు. నేను నమ్మి రాసి మాట పడ్డాను. పిల్ల మీ దగ్గరే ఉంటోందని నా కళ్ళకి కనబడాలి, అదే నా పని." కాసేపాగితే బడి వదులుతారు, వచ్చేస్తుంది, మీరే చూద్దురు గాని, అని ఆమె బతిమాలింది. మేడమ్ ఫైలు చూసుకుంది. ఇంకా చాలా ఇళ్ళున్నాయంది. బడికి వెళ్ళి కనుక్కోండి అంది ఆమె. "బడికి వస్తోందని వాళ్ళు చెబుతారు. ఇంట్లో ఉంటోందని ఇల్లే చెప్పాలి."

ఇల్లేం చెబుతుంది! దాని నోరు తనే నొక్కేసింది. ఆమె ఎదురు గోడ దగ్గరికి వెళ్ళి అరచేత్తో రాస్తూ, "ఇక్కడ ఏనుగుండేది మేడమ్, నీలం ఏనుగు, మా అమ్మాయి గీసింది, అయిదు కాళ్ళు," అంది. ఎక్కడా నీలం లేదు. వంగింది, చెంప గోడకి ఆనించి వెలుతురుకి ఎదురుగా చూసింది, పెద్దక్కలా. ఒక్క గీతైనా, ఒక్క కాలి అంచైనా. నేల మీద వెతికింది, మంచం కోళ్ళ సందులో వెతికింది, ఒక్క పొట్టి వెంట్రుక కోసం, పళ్ళు విరిగిన దువ్వెన నుంచి రాలిన ఒక్క పిల్ల వెంట్రుక కోసం. ఏ వెంట్రుక దొరికితే ఇన్నేళ్ళూ గదంతా మళ్ళీ తుడవాల్సొచ్చిందో, ఆ వెంట్రుక ఒక్కటి ఇవ్వు తల్లీ అని నేలని అడుక్కుంది. తెల్లటి నేల, తన ముఖం కనబడేలా. మేడమ్ కళ్ళు తిప్పుకుంది. "ఇంత శుభ్రంగా ఉన్న పిల్లల ఇల్లు నేనైతే ఎక్కడా చూడలేదమ్మా," అంది, నిందగా కాదు, జాలిగానే. "ఉంటున్నట్టు నిర్ధారణ కాలేదని రాస్తున్నాను. మళ్ళీ పెట్టుకోండి. పై నెలలో ఎవరో ఒకరు వస్తారు." పై నెల ఈ గదిలో ఎవరుంటారో ఇంటాయన్ని అడగాలి. సంతకం పెట్టమంటే పెట్టింది. మేడమ్ మెట్లు దిగుతుంటే వెనకాలే రెండు మెట్లు దిగింది, ఏదో చెప్పాలని. "జాగ్రత్త మేడమ్, కింది మెట్టు విరిగింది," అంది.

చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, తుడవబోతే ఉన్న బిడ్డ పోయింది. వచ్చి మంచం మీద కూర్చుంది, దుప్పటి ముడతపడితే పడనీ అని. పడింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు, ఒళ్ళంతా పొడిగా ఉంది. టైలరమ్మ మీద కోపం తెచ్చుకోబోయింది, నిలవలేదు. పెద్దక్క మీద, లారీ ఎక్కినవాడి మీద, కిటికీ గుమాస్తా మీద, ఎవరి మీదా నిలవలేదు, అన్నీ తిరిగి తిరిగి ఈ రెండు చేతుల దగ్గరికే వచ్చాయి. హోటల్లో ఉన్న పిల్లని లేనట్టు దాచింది, మెప్పొచ్చింది. ఇంట్లో ఉన్న పిల్లని ఉన్నట్టు చూపించమంటే చేతులకి ఆ పని రాలేదు. ఎవరూ నేర్పలేదు. నీ బతుకు నలుగురికీ కనబడేలా పరిచిపెట్టు, చిరుగులతో మరకలతో సహా, అప్పుడే నమ్ముతాం అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆ అట్టపెట్టె నడిమధ్యలో బోర్లించి ఉండేది. ఒకటో తారీఖుకి ఎక్కడికి పోవాలి? సూట్‌కేసు అయితే సర్దే ఉంది. ఆ మాటకి నవ్వొచ్చింది, గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, అది నవ్వో కాదో గదిలో చెప్పేవాళ్ళెవరూ లేరు.

మెట్ల మీద చిన్న అడుగులు. రోజూ అయితే కింది నుంచే అమ్మా అని కేక, బ్యాగు ఒక మూల, బూట్లు చెరో దిక్కు, ఎక్కణ్ణుంచో ఏరుకొచ్చినది ఒకటి ముక్కు దగ్గర పెట్టి చూడమని గోల. ఇవాళ కేక లేదు. ఉడత గుమ్మంలో ఆగింది. బూట్లు విప్పి, బయట వదలకుండా చేత్తో పట్టుకుంది. లోపలికి చూసి, వేళ్ళ మీద నడిచి వచ్చి, పొద్దుట నుంచీ అమ్మ కూర్చున్న చోటే, గోడ వారన నేల మీద కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. బూట్లు బ్యాగు మీద పెట్టుకుంది.

"మేడమ్ వచ్చిందా?" అంది గుసగుసగా.

"వచ్చి వెళ్ళింది."

"నేను ఏదీ ముట్టుకోలేదుగా?"

"లేదు తల్లీ."

"మరి ఇల్లు మనకిచ్చిందా?"

ఆమె లేచింది. తలగడ తీసి నేల మీద విసిరింది, దుప్పటి ఒక మూల పట్టుకుని లాగి పారేసింది, సూట్‌కేసు పట్టుకుని బోర్లించింది, గౌన్లూ మేజోళ్ళూ నేలంతా పరుచుకున్నాయి. "రా," అంది, "బూట్లు పారెయ్. మంచమెక్కు. గెంతు. నీ ఇష్టమొచ్చినట్టు గెంతు, గోడ మీద గియ్యి, రా." ఉడత కదలలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని నేల మీది బట్టల వైపు, అమ్మ వైపు చూసింది, ఈ పని తన వల్లే అయిందేమోనన్నట్టు. తరవాత బ్యాగూ బూట్లూ చప్పుడు కాకుండా పక్కన పెట్టి లేచింది. మంచం ఎక్కలేదు. దుప్పటి అంచు వెతికి పట్టుకుంది. "వాళ్ళు మళ్ళీ వస్తారేమో అమ్మా," అంటూ పరుపు మీద సాపు చేసి, మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పరుపు ఎత్తింది. ఈసారి పరుపు లేచింది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, కవరు మడిచినట్టు మడిచి, కిందికి తోసి, అరచేత్తో గట్టిగా ఒత్తింది.

మూల సరిగ్గా కుదిరింది.